శరణు వచ్చినవానికి ఇల్లు

(కనిగిరిలో శనివారము సాయంకాలము చేసిన ప్రవచన పాఠము)



గత శనివారము ప్రవచనము ముగిసి తీర్థప్రసాదములు పంచుచుండగా ఒక తల్లి నా దగ్గరకు వచ్చి ఒక సందేహమడిగినది. ఆమె కుమారుడు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. వారమంతయు కంప్యూటరు ముందు కూర్చుండి, శని ఆదివారములందైనను విశ్రాంతి తీసికొనక, ఎప్పుడో భూటాన్ దేశమునుండి వెళ్ళగొట్టబడి అక్కడకు చేరిన కుటుంబముల ఇండ్లకు పోవుచున్నాడట. వృద్ధులను కారులో ఆసుపత్రికి తీసికొనిపోవుట, కచేరీలకు వెంట నడచుట, డెబ్బది యేండ్ల ముసలమ్మలకు ఇంగ్లీషు అక్షరములు నేర్పుట అతని పని. "వాళ్ళు మనవాళ్ళు కారు, మన భాష కాదు. మావాడికి పెండ్లి కావలసిన వయసు. ఇది పుణ్యమా, పిచ్చా? మీరే చెప్పండి అయ్యవారూ" అని ఆమె అడిగినది.

ఆ రోజున నేను జవాబు చెప్పలేదు. "వచ్చే వారము చెప్పెదనమ్మా" అని తప్పించుకొంటిని. శాస్త్రము తెలియక కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్నచో నా చిన్ననాటి అప్పు ఒకటి మీ అందరి ముందు ఒప్పుకొనవలసి వచ్చును. దానికి వారము రోజులు పట్టినది.

ముందు రామాయణము చూతము. యుద్ధకాండలో విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రము దాటి వచ్చి ఆకాశముననే నిలిచి శరణు వేడినాడు. శ్రీరాముడు అందరిని అడిగినాడు, "మీ అభిప్రాయమేమి?" అని. సుగ్రీవుడు వీడు శత్రువు తమ్ముడు, చంపుటయే మేలన్నాడు. అంగదుడు పరీక్షింపవలెనన్నాడు. శరభుడు వేగులవారిని పంపి తెలిసికొందమన్నాడు. జాంబవంతుడు వేళగాని వేళ, చోటుగాని చోట వచ్చినాడు గనుక అనుమానింపవలెనన్నాడు. ఒక్క హనుమంతుడే, ఈతని మాటలోను ముఖములోను కపటము కనబడుటలేదు, చేర్చుకొనవచ్చునని పలికినాడు. చూచితిరా? అడిగినవారిలో ఎక్కువమంది అనుమానించినవారే. వారు చెడ్డవారు కారు, రాముని మేలు కోరినవారే. మన ఊరిలో పెద్దలు కూర్చున్న అరుగుమీద ఇప్పటికిని ఇదే సభ జరుగుచుండును.

రాముడు వారి మాటలను కొట్టివేయలేదు. ఒక పావురము కథ గుర్తుచేసినాడు. తన భార్యను వలలో పట్టిన బోయవాడే చలికి వణకుచు తాను కాపురమున్న చెట్టు క్రిందకు రాగా, ఆ పక్షి అతనికి నిప్పు తెచ్చి, తినుటకు వేరేమియు లేక తన శరీరమునే ఇచ్చినదట. పక్షి చేసిన పాటి మనము చేయలేమా అని రాముని తాత్పర్యము. వచ్చినవాడు రావణుడే అయినను తీసికొని రమ్మన్నాడు.

ఇంతవరకు మీరందరు ఎన్నోమారులు విన్నారు. తరువాత జరిగినదానిని మాత్రము మనము తొందరగా దాటిపోవుదుము. విభీషణుడు రాముని పాదములపై పడి, లంకను, మిత్రులను, ధనమును విడిచి వచ్చితినని చెప్పుకొన్నాడు. రాముడు ఏమి చేసినాడు? అన్నము పెట్టించి ఒక గుడారములో కూర్చుండబెట్టి "పాపము" అన్నాడా? లేదు. లంక బలాబలములు అడిగి తెలిసికొన్నాడు, అనగా అతని తెలివికి విలువ ఇచ్చినాడు. వెంటనే లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి, వానరులందరి నడుమ పట్టాభిషేకము చేయించినాడు. రాజ్యము ఇంకను చేతికి రాలేదు, వారధియైనను కట్టలేదు. అయినను అభిషేకము జరిగినది. మరునాటినుండి విభీషణుడు కొలువులో సలహాదారు. సముద్రుని ప్రార్థింపుమని చెప్పినవాడతడే, వానరరూపములో వచ్చిన రావణుని వేగులవారిని పట్టి ఇచ్చినవాడతడే. శరణాగతునికి రాముడిచ్చినవి మూడు: అభయము, పేరు, పని. మనము మొదటిదానితోనే ఆగిపోవుదుము. కొన్ని వేళల అదియు ఇవ్వము.

ఇక నా అప్పు సంగతి.

1964వ సంవత్సరము. నాకు తొమ్మిదేండ్లు. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, మన కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండెడిది. మా పల్లెకు ఒక సాయంకాలము బర్మానుండి ఒక కుటుంబము వచ్చినది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ, ఒక రేకు పెట్టె. ఆ ఇల్లాలికి మా ఊరిలో దూరపు చుట్టరికము. ఆ చుట్టము అప్పటికే కాలము చేసినాడు. వారు రామాలయము అరుగుమీద దిగినారు. మా ఊరు వారికి అన్నము పెట్టలేదని ఎవరును అనలేరు. ఇంటికొక పూట వంతు వేసికొని జొన్నసంగటి, పప్పు, ఒకరోజు వరి అన్నము కూడ పంపినారు. పిల్లలు తెలుగులో నడుమ నడుమ బర్మా మాటలు కలిపి మాట్లాడుచుంటే మేము చుట్టు చేరి నవ్వెడివారము.

ఆయన దర్జీ. రంగూనులో ఆయనకు సొంత అంగడి ఉండెడిదట. వారము గడచిన తరువాత మా తాతగారి దగ్గరకు వచ్చి, "ఒంగోలులో వాయిదాలమీద కుట్టుమిషను ఇస్తారట. జామీను సంతకము ఒకరిది కావాలట. మీరు పెట్టగలరా? రెండేండ్లలో తీరుస్తాను" అని అడిగినాడు. నేను గుంజకు ఆనుకొని వింటూ ఉంటిని. తాతగారు ధర్మాత్ములు. ప్రతి ఏకాదశికి ఉపవాసము, అడిగినవారికి లేదనని చేయి. అయినను ఆ నాడు, "అన్నము ఎంతకాలమైన పెడుదుము గాని, సంతకము ఎట్లా నాయనా? మీరెవరో, రేపు ఎక్కడ ఉందురో" అన్నారు. ఆయన మారుమాట ఆడక లేచిపోయినాడు.

పదునొకండవ రోజున పెద్దలు కూడబలుకుకొని, ఎక్కడికైనను పోవుట మంచిదని చెప్పుటకు నన్ను పంపినారు. పెద్దలకు ముఖము చెల్లక పిల్లవానిని పంపినారు. నేను పోయి చెప్పితిని. ఆ ఇల్లాలు ఏమియు అనక చాపలు చుట్టుట మొదలుపెట్టినది. మరునాటి ఉదయము వారు వెళ్ళుచు, ఆయన నాకొక చొక్కా ఇచ్చినాడు. రాత్రంతయు అరుగుమీద బుడ్డిదీపము వెలుతురులో చేతితో కుట్టినాడట. విశాఖపట్టణము పోవుదుమన్నారు. ఆ చొక్కా నాకు రెండేండ్లు వచ్చినది. అనగా ఆ అప్పు తీరుటకు పట్టెడి కాలమే.

వారు ఎవరో, ఎందుకు వచ్చినారో చాలా యేండ్ల తరువాత చదివి తెలిసికొంటిని. మీకును కొంత చెప్పవలెను, ఏలయనగా ఇది తెలుగువారి కథ. కాకినాడ దగ్గర కోరంగి రేవునుండి ఓడలెక్కి తెలుగువారు తరతరములుగా బర్మా పోయినారు. అందుచేతనే బర్మావారు మనవారిని కోరంగీలని పిలిచినారు. రంగూను ఓడరేవులో మూటలు మోసినది, బియ్యపుమిల్లులలో పనిచేసినది ఎక్కువగా శ్రీకాకుళము, విశాఖ, గోదావరి ప్రాంతములవారు. మన పడమటి తాలూకాలవారు తక్కువ. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో పదిలక్షలమంది భారతీయులు, రంగూను నగరములో సగమునకు మించినవారు మనవారే. మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. వారు పోయినప్పుడు అది పరదేశము కాదు. బర్మా 1937 వరకు ఇండియాలో ఒక భాగము. వారు ఇల్లు మారలేదు, సరిహద్దు గీత వారి ఇంటి ముందుకు వచ్చినది.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపుకొరకు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మావారిని పెట్టి, సమ్మె తీరిన పిదప వారిని తీసివేసిరి. దానిపై అల్లరులు చెలరేగి మనవారు ఎందరో చనిపోయినారు. ఇరుపక్షముల పేదలను ఒకరిమీదకు ఒకరిని తోసినవాడు వేరొకడు. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిన తరువాత నాలుగైదు లక్షలమంది మన్యపు దారులలో, కొండలు దాటి, మణిపూరు వైపును చిట్టగాంగు వైపును నడచి వచ్చినారు. దారిలో కలరాకు, ఆకలికి వేలమంది రాలిపోయినారు. యుద్ధము ముగిసిన పిదప కొందరు మరల అక్కడికే పోయినారు. ఇల్లు అక్కడనే కదా. 1962లో సైనికప్రభుత్వము వచ్చినది. 1964లో అంగళ్ళను జాతీయము చేసినారు, ఏబది, నూరు చాట్ల నోట్లను రద్దు చేసినారు. ఒక్కరోజులో అంగడి పోయినది, దాచిన డబ్బు కాగితమైనది. సుమారు మూడు లక్షలమంది భారతీయులు ఆ యేండ్లలో తిరిగి వచ్చినారు. మా చొక్కా కుట్టిన దర్జీ వారిలో ఒకడు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఓడలు పంపినది, శిబిరములు పెట్టినది. విశాఖలో కంచరపాలెము వైపు ఇప్పటికిని బర్మా క్యాంపు అను పేట గలదు. బర్మా, సింహళముల నుండి తిరిగివచ్చినవారికి అప్పులిచ్చుటకు 1969లో మద్రాసులో ఒక సహకార బ్యాంకునే స్థాపించినారు. దానిని రెప్కో బ్యాంకు అందురు. ఆ సంగతి చదివిన రోజున నాకు తాతగారి అరుగు గుర్తుకు వచ్చినది. ఆ కుటుంబము మమ్ములను అడిగినది ఒక్క సంతకము. ఆ సంతకము ఎవరును పెట్టరు గనుకనే ఒక బ్యాంకు కట్టవలసి వచ్చినది.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన భూటాన్‌వారి సంగతి. భూటాన్ దక్షిణభాగమున నేపాలీ మాట్లాడు జనులు తరతరములుగా సేద్యము చేసికొని బ్రదికినారు. వారిలో అధికులు హిందువులు. 1985లో పౌరసత్వపు చట్టము వచ్చి, 1958నాటికే ఆ దేశమున ఉన్నట్లు కాగితము చూపమన్నారు. మన పల్లెలలో ముత్తాతనాటి పన్ను రసీదు ఎందరి ఇండ్లలో ఉన్నది? 1989 తరువాత అందరును ఒకే వేషము ధరింపవలెనన్నారు, బడులలో నేపాలీ తీసివేసినారు. 1990లో ఆందోళన జరిగినది, దానిని అణచినారు. లక్షమందికి పైగా మన దేశము మీదుగా నేపాలు తూర్పు కొసన ఝాపా, మోరంగు జిల్లాలకు చేరి, వెదురు గుడిసెలలో పదునేడు, పదునెనిమిదేండ్లు గడపినారు. అక్కడ పుట్టిన పిల్లలు అక్కడనే పెండ్లియీడుకు వచ్చినారు. నేపాలు, భూటాన్‌లు ఎన్ని విడతలు చర్చించినను ఒక్కరును తిరిగి ఇంటికి పోలేదు. చివరకు 2007 నుండి ఎనిమిది దేశములు వారిని తీసికొనుటకు ఒప్పుకొన్నవి. లక్షా పదివేలమందికి పైగా అట్లు వెళ్ళినారు. అందులో తొంబదివేలకు పైగా ఒక్క అమెరికాకే.

అమెరికా చేరిన కుటుంబమునకు మొదటి మూడునెలలు ఏర్పాటుచేసిన సంస్థవారు తోడుందురు. ఒక ఇల్లు, నాలుగు పాత్రలు, మంచములు, పిల్లలకు బడి. తరువాత వారి కాళ్ళమీద వారు నిలువవలెను. విమానపు ఖర్చు కూడ వడ్డీలేని అప్పే, కొన్ని నెలలనుండి వాయిదాలు కట్టవలెను. వయసులోనివారికి మాంసపు కర్మాగారములలోనో, గిడ్డంగులలోనో పని దొరకును. పిల్లలు ఆరునెలలలో ఇంగ్లీషు పట్టుదురు. అక్కడినుండి ఇల్లు తలక్రిందులగును. తండ్రికి వచ్చిన ఉత్తరము పదేండ్ల కొడుకు చదివి చెప్పవలెను. తల్లి రోగమును డాక్టరుకు కూతురు వినిపింపవలెను. మరి ముసలివారు? నాలుగు గోడల నడుమ, కిటికీ బయట మంచు, పలకరించువారు లేరు. ఏడేండ్లలో ఇంగ్లీషు పరీక్ష నెగ్గి పౌరసత్వము పొందనిచో వృద్ధులకిచ్చు భృతి నిలిచిపోవు నియమము ఒకటి. గొడ్డు కాచినవాడు, బడి మెట్టు ఎక్కనివాడు, అరువదియైదవ యేట ఆ దేశపు రాజ్యాంగమును గూర్చి ప్రశ్నలకు జవాబు చెప్పవలెను.

2009 మొదలు 2012 వరకు మూడేండ్లలో అమెరికా చేరిన భూటాన్‌వారిలో పదునార్గురు ఆత్మహత్య చేసికొన్నారని ఆ దేశపు ఆరోగ్యశాఖవారే లెక్క తీసినారు. ఆ దేశపు జనులలో ఉన్నదానికంటె ఆ రేటు చాల హెచ్చు. పదునెనిమిదేండ్లు గుడిసెలో బ్రదికినవారు గోడలు, దీపములు, అన్నము ఉన్నచోటికి పోయి ఎందుకు చనిపోయినారు? భాష రాకపోవుట, వెనుక మిగిలినవారిని గూర్చిన బెంగ, బంధువుల ఎడబాటు, తమ ఆచారములు మతధర్మములు జరుపుకొనలేకపోవుట అని కారణములు వ్రాసినారు. చివరి కారణము మరొకసారి మనసులో అనుకొనుడు. ఇంటిలో చావు జరిగినప్పుడు పదుమూడు రోజుల కర్మకు చోటెక్కడ, చెప్పువారెవరు, నిప్పు వెలిగించినచో పొగకు గంట మ్రోగెడి ఇంటిలో హోమమెట్లు? ఇది ప్రభుత్వము తీర్చగల కొరత కాదు. పిట్స్‌బర్గు శ్రీవేంకటేశ్వరాలయము వంటివి మనవారు యాబదియేండ్ల క్రిందటనే అక్కడ కట్టుకొన్నారు. ఆ గుడి మెట్లు ఎక్కుటకు ఒక నేపాలీ ముసలమ్మకు కావలసినది ఒక కారు, "రండి అమ్మా" అను ఒక మాట.

ఇచ్చట ఒక కటువైన మాట చెప్పవలెను, క్షమింపుడు. వారిలో కొందరు క్రైస్తవము పుచ్చుకొన్నారని మనవారు కొందరు బాధపడుదురు. నేనొకటి అడుగుదును. వారు విమానము దిగిన రాత్రి మంచము మోసినదెవరు? అప్పుడు ఆ శరణార్థులను దింపుకొన్న సంస్థలలో చాలావరకు క్రైస్తవ సంఘములవారివి, ఒకటి యూదులది. వారి శ్రద్ధకు నేను నమస్కరింతును. మంచము మోయని మనకు మతము మారినదని ఏడ్చు హక్కు సగమే ఉన్నది. అమ్మా, మీ అబ్బాయి ఆ రెండవ సగము సంపాదించుచున్నాడు.

వారి కష్టము ఇంకను తీరలేదు. 2025 జనవరిలో అమెరికా కొత్త శరణార్థుల రాకను దాదాపు పూర్తిగా నిలిపివేసినది. అదే సంవత్సరము వారిలో కొందరిని పట్టి భూటాన్ పంపగా, భూటాన్ వారిని నిలువనీయక సరిహద్దు దాటించినది. మరల ఏ దేశమువారును కాకపోయినారు.

మనకు ఇట్టిది కొత్త అనుకొనవద్దు. భాగవతము దశమస్కంధము చదువుడు. పూతన వచ్చినది, తృణావర్తుడు వచ్చినాడు, మద్దిచెట్లు కూలినవి. గోకులములో ఇక బ్రదుకలేమని ఉపనందుడను వృద్ధుడు చెప్పగా నందుడు మొదలగు గోపాలురు బృందావనమునకు వలస పోయినారు. వృద్ధులను, పిల్లలను, స్త్రీలను, సామానును బండ్లకెత్తి, ఆలమందలను ముందు నడపి, విండ్లు చేతబట్టి, పురోహితులను వెంటబెట్టుకొని పోయినారు. యశోద, రోహిణి ఒకే బండిలో, వారి ఒడిలో బలరామకృష్ణులు. చేరినచోట బండ్లనే అర్ధచంద్రాకారముగా నిలిపి కాపురము పెట్టినారు. పరమాత్మ కూడ బాల్యములో అట్లు బండిమీద వలస పోయినవాడే. పెద్దయిన తరువాత, జరాసంధుని బాధకు మథురావాసులను తరలింపవలసి వచ్చినప్పుడు ఆయన చేసినదేమి? ముందు సముద్రములో ద్వారక కట్టించినాడు. తరువాత జనమును చేర్చినాడు. ముందు ఇల్లు, తరువాత ప్రయాణము. తాను బండిలో కూర్చుండి చూచినదానిని మరువలేదని నాకు తోచును. వ్యాఖ్యాతలు ఈ మాట అనలేదు, ఇది నా ఊహ మాత్రమే.

అమెరికా దూరము. మన పడమటి సీమకు వత్తము. వెలుగొండ ప్రాజెక్టు కొరకు, మన పొలములకు కృష్ణానీరు వచ్చుటకొరకు, నల్లమల అంచున సుంకేసుల, కలనూతల, గుండంచర్ల మొదలగు ఊళ్ళవారు తమ ఇండ్లు, గుళ్ళు, తాతల సమాధులు వదలవలసిన వారైనారు. వారు శరణార్థులు కారు, దేశము దాటలేదు. అయినను కొత్తచోట ఇల్లు కట్టుకొనుచున్నవాడు మార్కాపురములోనో కనిగిరిలోనో అంగడి పెట్టుకొందునన్నప్పుడు "మీరెవరో" అను మాట వినక తప్పదు. ఇచ్చట మనము నీరు త్రాగెడివారము, అచ్చట వారు ఊరు విడిచినవారు.

తల్లీ, మీ ప్రశ్నకు ఇదియే నా జవాబు. మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు పెండ్లి మాట తప్పక అడుగుడు, అది మీ హక్కు. దానితోపాటు తాను అక్షరములు దిద్దించు ముసలమ్మ పేరేమో, పరీక్ష ఎప్పుడో కూడ అడుగుడు. వచ్చే వారము నాకును చెప్పుడు.

ఒక ప్రకటన. ముంపు గ్రామములనుండి వచ్చినవారిలో కుట్టుపని, వడ్రంగము తెలిసి, పనిముట్లకు అప్పు కావలసినవారు ఉన్నారని తెలిసినది. వారికి జామీను సంతకము పెట్టగలవారు హారతి అయిన తరువాత ధర్మకర్తల గదిలో పేరు వ్రాయించవలెను. మొదటి పేరు నాది వ్రాసినారు. వచ్చే శనివారము గజేంద్రమోక్షము. ఇప్పుడు మంగళహారతి.